నిలువ నీడలేని కుటుంబాలకు మాడ్యులర్ తాత్కాలిక ఇళ్లు ఏర్పాటు చేయడం

ఫ్యాక్టరీలో సిద్ధమైన గదులను లారీలో తెచ్చి, క్రేన్‌తో దింపి, ఒకదానితో ఒకటి బిగించడం కొద్ది రోజుల పని. ఆలస్యమంతా నేల చదును, అనుమతులు, నీటి పైపులు, మురుగు కాలువల దగ్గరే జరుగుతుంది. కాబట్టి ఈ గదులకు (వీటినే యూనిట్లు అంటారు) ఆర్డరు ఇవ్వకముందే స్థలాన్ని స్వయంగా చూడాలి. క్రేన్ నిలబడే గట్టి నేల, వాననీరు నిలవని వాలు, పిల్లలు బడి మారనవసరం లేనంత దూరం ఉన్నాయో లేదో తేల్చుకోవాలి. ఈ మూడింటిలో బడి విషయాన్నే తరచుగా మరచిపోతారు. ఇల్లు పోయిన బిడ్డకు బడి కూడా పోకూడదు.

తర్వాత విస్తీర్ణం లెక్కించాలి. విపత్తు సహాయంలో వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం వంటగది, స్నానాలగది కాకుండా ఒక్కొక్కరికి కనీసం 3.5 చదరపు మీటర్ల నివాస స్థలం ఉండాలి. అవి లోపలే ఉన్నప్పుడు 4.5 నుంచి 5.5 వరకు కావాలి. సరుకు రవాణాకు వాడే 20 అడుగుల ఉక్కు కంటైనర్‌ను యూనిట్‌గా మారిస్తే, దాని లోపలి నేల సుమారు 14 చదరపు మీటర్లే కనుక, నలుగురున్న కుటుంబానికి అది పడకలకే చాలుతుంది. నెలల తరబడి ఉండవలసిన వారికి రెండు యూనిట్లు కలిపి, పెద్దలకూ పిల్లలకూ వేరు గదులు, లోపలి నుంచి గడియ పడే తలుపు, సొంత మరుగుదొడ్డి ఇవ్వాలి. ఉమ్మడి మరుగుదొడ్లతో ఖర్చు తగ్గుతుంది గానీ, రాత్రివేళ ఆడవాళ్లూ పిల్లలూ బయటికి వెళ్లవలసి వస్తుంది; ఆ పొదుపు చేయకపోవడమే మంచిది.

ఉక్కు గోడలు ఎండకు కాలుతాయి, చలికి లోపలి వైపు చెమ్మ పడతాయి. వేడినీ చలినీ ఆపే పొరతో (ఇన్సులేషన్) పాటు ఎదురెదురు కిటికీలు, పైకప్పు మీద గాలి ఆడేలా మరో నీడకప్పు అమర్చాలి. మంటలు పాకకుండా కట్టడాల మధ్య కనీసం 2 మీటర్లు, వీలైతే కట్టడం ఎత్తుకు రెట్టింపు ఖాళీ వదలాలి. ప్రతి ఇంట్లో పొగ అలారం బిగించాలి.

లండన్‌లోని లేడీవెల్‌లో 2016లో నిరాశ్రయ కుటుంబాల కోసం కట్టిన 24 ఇళ్లను తర్వాత విప్పి వేరే చోటికి తరలించే వీలుతోనే రూపొందించారు. అలా జరగాలంటే యూనిట్లను వెల్డింగ్ చేయకుండా బోల్టులతో కలపాలి, ప్రతి భాగానికీ సంఖ్య వేయాలి, పైపులూ వైర్లూ ఒకే వైపు నుంచి విడదీసేలా ఉంచాలి. కుటుంబానికి తాళంచెవి ఇచ్చే రోజునే గడువు, అద్దె, శాశ్వత ఇంటి దరఖాస్తు ఎవరు చూస్తారు అన్నవి వారి భాషలో రాసి ఇవ్వాలి.