బతూర్ అగ్నిపర్వతంపై సూర్యోదయం చూసి, మోకాళ్ళు పగలకుండా దిగడం ఎలా?

బాలి వెళ్ళిన మనవాళ్ళు బతూర్ ఎక్కి వస్తారు. సూర్యోదయం ఫోటోలు నలుగురికీ పంపుతారు, దోక్కుపోయిన అరచేతులు మాత్రం చూపించరు. కొండ ఎత్తు 1,717 మీటర్లు. కింద సరస్సు ఒడ్డే వెయ్యి మీటర్ల పైన ఉంది కాబట్టి నిజంగా ఎక్కేది ఆరేడు వందల మీటర్లే, రెండు గంటల పని. అందుకే తేలిగ్గా తీసుకుంటారు.

వెళ్తే ఏప్రిల్, అక్టోబరు మధ్య వెళ్ళండి. మార్చిలోనే తప్పదంటే టిక్కెట్టు కొనేముందు న్యేపి ఏ రోజో చూసుకోండి. అది బాలివాళ్ళ శక సంవత్సరాది, కొన్నేళ్ళు సరిగ్గా మన ఉగాది నాడే పడుతుంది. మనకు పచ్చడి, వాళ్ళకు మౌనం. ఆ రోజు విమానాశ్రయం కూడా మూసేస్తారు.

పట్టున్న బూట్లు, తలకు కట్టుకునే లైటు, లీటరు నీళ్ళు, స్వెటరు, చేతికర్ర, ఒక పొడి చొక్కా. చెమటకు తడిసిన చొక్కాతో పైన గాలిలో గంట కూర్చున్నవాళ్ళకు ఆ పొడి చొక్కా విలువ తెలుసు. తినడానికి పులిహోర. గైడ్లు రాళ్ళ సందుల్లోంచి వచ్చే ఆవిరి మీద గుడ్లు ఉడికించి పెడతారు, అదొక ముచ్చట. కానీ ఆకలి తీరేది పులిహోరతోనే. పొట్లం విప్పేముందు చుట్టూ కోతులున్నాయేమో చూసుకోండి.

ముందురోజు రాత్రి కొండ కిందే, తోయా బుంగ్కా అనే ఊళ్ళో పడుకోవాలి. సముద్రతీరం హోటళ్ళ నుంచి అర్ధరాత్రి దాటాక కారెక్కి వచ్చేవాళ్ళను చూస్తే నాకు జాలి. నిద్రలేని కాళ్ళు దిగేటప్పుడు మాట వినవు. స్థానిక గైడును పెట్టుకోండి, ఆ డబ్బు దగ్గర పిసినారితనం వద్దు. ఇది చల్లారిపోయిన కొండేమీ కాదు. 1926లో లావా బతూర్ ఊరిని ముంచేస్తే, ఊరినీ గుడినీ పైనున్న గట్టు మీదికి మార్చుకున్నారు. దారిలో లేత కొబ్బరాకు దొన్నెల్లో పూలు, అగరుబత్తి కనిపిస్తే పక్కనుంచి వెళ్ళండి, దాటకండి.

మూడున్నరకల్లా బయలుదేరండి. సూర్యుడు ఆరుకీ ఆరున్నరకీ మధ్య వస్తాడు, రంగులన్నీ అంతకుముందు అరగంటలోనే అయిపోతాయి. శిఖరం మీద గుంపులో నిలబడకుండా కాస్త కిందికి వచ్చి కూర్చోండి. ఎదురుగా సరస్సు, దాని వెనుక అబాంగ్ కొండ, ఇంకా వెనుక ఆగుంగ్ కొండ. గాలి తేటగా ఉంటే దూరంగా లొంబొక్ దీవిలోని రింజని కూడా నల్లగా తేలుతుంది.

ఇక అసలు సంగతి, దిగడం. పొద్దెక్కాక చూస్తే, చీకట్లో ఎక్కింది ఈ వాలేనా అని గుండె ఝల్లుమంటుంది. ఇక్కడే అందరూ ఒకటే తప్పు చేస్తారు. భయంతో వెనక్కి వాలి, కాళ్ళు బిగబట్టి నడుస్తారు. వెనక్కి వాలితే బరువు పాదాల మీద నుంచి తప్పుతుంది, కాళ్ళు ముందుకు జారిపోతాయి, చేతులు వెనక్కి వెళ్ళి రాయి మీద పడతాయి. లావా రాయి గరుకు గాజుపెంకు లాంటిది.

నేల రెండు రకాలని ముందు గుర్తించండి. ఒకటి, చీలమండ దాకా దిగబడే నల్ల గులక. ఇల్లు కట్టేచోట పోసిన కంకర గుట్ట మీద చిన్నప్పుడు ఆడుకునే ఉంటారు, ఇదీ అంతే. మోకాళ్ళు కాస్త వంచి, మడమ గుచ్చి, పొట్టి అడుగులు వేయండి. అడుగుకు జానెడు జారుతుంది, జారనివ్వండి. ఆపబోతే పడతారు.

రెండోది మాయదారి నేల. కింద గట్టి బండ, పైన పలుచగా ఇసుక. చూపుకు మొదటిదానిలాగే ఉంటుంది. ఇక్కడ మడమ గుచ్చితే బఠాణీల మీద కాలు వేసినట్టే. పాదం మొత్తం ఆనించి, పక్కకు తిరిగి, పొడుచుకొచ్చిన రాయి చూసుకుని అడుగు వేయాలి. అనుమానం వస్తే కర్రతో పొడిచి చూడండి. కర్ర దిగబడితే మడమ, టక్కుమంటే పాదం. ఈ తేడా తెలియక నేను మొదటిసారి మోచెయ్యి పగలగొట్టుకున్నాను.

మీకు సరిగ్గా పైన ఎవరూ లేకుండా చూసుకోండి. కాలు తగిలి రాయి దొర్లితే సిగ్గుపడకుండా గట్టిగా అరవండి. పరుగెత్తుతూ దిగే కుర్రాళ్ళను చూసి పోటీకి పోవద్దు. వాళ్ళు రోజూ దిగేవాళ్ళు. ఫోను జేబులో, చేతులు ఖాళీగా.

కిందికి వచ్చాక బూట్లు బోర్లిస్తే గుప్పెడు నల్ల ఇసుక రాలుతుంది. తోయా బుంగ్కాలో సరస్సు పక్కనే వేడినీటి ఊటలున్నాయి. అరగంట మోకాళ్ళ దాకా ముంచుకుని కూర్చోండి, దోక్కుపోయిన చోట మాత్రం చురుక్కుమంటుంది.