తెప్ప ఒడ్డుకు చేరే వేళకి పంపుకి చార్జింగ్ మిగలాలంటే

మన శ్రీకాకుళం, విజయనగరం తీరంలో చాలా ఊళ్లకు జెట్టీ లేదు, తెప్పను కెరటాల మీదుగా నేరుగా ఇసక మీదికే తెచ్చుకోవాలి. ఆ చివరి పది నిమిషాల్లోనే కెరటం వెనక నుంచి ఎక్కి లోపల నీళ్లు పోస్తుంది. ఆ నీళ్లు తోడే పంపు అసలు కావలసింది అప్పుడే, రాత్రంతా లైట్లూ జీపీఎస్సూ ఫోన్లూ లాగేసిన బ్యాటరీ నీరసపడేదీ అప్పుడే. ఒక తెల్లవారుజామున కళింగపట్నం దగ్గర మా చిన్నాన్న తెప్పలో సరిగ్గా ఇదే జరిగింది, పంపు మూలిగింది తప్ప నీళ్లు తియ్యలేదు, ఇద్దరం బకెట్లతో తోడుతూ ఎలాగో ఒడ్డున పడ్డాం. ఆ భయం నాకింకా పోలేదు.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది, తప్పు పంపుది కాదు. గంటకు 1100 గ్యాలన్లు అని రాసుండే 12 వోల్టుల పంపు సుమారు 4 ఆంపియర్లు తీసుకుంటుంది, వేట మొత్తం మీద గంటసేపు తిరిగినా 4 ఆంపియర్-అవర్లే (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క). అదే 12 వాట్ల ఎల్ఈడీ లైట్లు రెండు పది గంటలు వెలిగితే 20, జీపీఎస్, ఫిష్ ఫైండర్ (చేపలున్న చోటు చూపే యంత్రం) కలిపి ఇంకో 10, ఫోన్ చార్జింగులు వేరే. మీ సామాను మీద వాట్లు రాసుంటే 12తో భాగించండి, ఆంపియర్లు వస్తాయి, దాన్ని గంటలతో గుణించండి, అంతే. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే మీ చేతిలో ఉన్నది 30 మాత్రమే, అది లైట్లకీ, జీపీఎస్, ఫిష్ ఫైండర్లకే సరి.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, పంపుకి బ్యాటరీ వేరే పెట్టండి. పెద్దది అక్కర్లేదు, 26 లేదా 35 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ చాలు, దానికి లైటు గానీ ఫోన్ గానీ ఎవరడిగినా తగిలించకండి. రెండో బ్యాటరీకి డబ్బులు కుదరకపోతే ఒక చిన్న వోల్ట్ మీటర్ పెట్టుకుని, లైట్లు ఆపి పది నిమిషాలయ్యాక చూడండి: 12.7 దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం అయిపోయినట్టు. 12.2 కనపడితే ఒక్క లైటు, జీపీఎస్ ఉంచి మిగతావన్నీ ఆపెయ్యండి. లైటు మాత్రం పూర్తిగా తియ్యకండి, పెద్ద బోట్లకి మనం కనపడాలి కదా.

వైరు దగ్గర చాలామంది పొదుపు చేస్తారు, అక్కడే పంపు బలం పోతుంది. బ్యాటరీ నుంచి పంపు 5 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 10 మీటర్ల వైరు, 1 స్క్వేర్ ఎంఎం వైరయితే 4 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.7 వోల్టు దారిలోనే పోతుంది, 2.5 వేస్తే 0.3 లోపే. కనుక 2.5 వెయ్యండి. జాయింట్లు మెలితిప్పి టేపు చుట్టి వదలకండి, ఉప్పుగాలికి లోపల పచ్చగా చిలుము పట్టి కరెంటు సరిగ్గా అందదు. టంకం వేసి హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే ముడుచుకుని వైరుకి అతుక్కునే గొట్టం) తొడిగించి, అది కూడా అడుగు నీళ్లకు అందనంత ఎత్తులో కట్టండి. బ్యాటరీ టెర్మినళ్లకి వాజిలీన్ రాయండి.

ఫ్లోట్ స్విచ్ (నీళ్లు పెరిగితే తేలి తనంతట తనే పంపు తిప్పే స్విచ్) ఉంటే దాని వైరు మెయిన్ స్విచ్ గుండా కాకుండా నేరుగా బ్యాటరీకి, మధ్యలో ఫ్యూజుతో ఇవ్వాలి, లేకపోతే ఎవరో మెయిన్ ఆపిన రోజు అది పనిచెయ్యదు. ఫ్యూజు పంపు మీద రాసిన సైజుదే వెయ్యండి. ఎందుకంటే వల దారం పంపు లోపలి ఫ్యానుకి చుట్టుకుంటే మోటారు ఆగిపోయి కరెంటు ఒక్కసారి ఎన్నో రెట్లు లాగుతుంది, ఫ్యూజు పెద్దదైతే కాలేది వైరే. తెప్ప దించే ముందు పంపు జాలీలో పొలుసులూ దారాలూ తీసి, ఫ్లోట్‌ను చేత్తో ఎత్తి పంపు తిరిగిందో లేదో వినండి.

తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న ఇంజన్లలో చాలావాటికి బ్యాటరీని చార్జ్ చేసే ఏర్పాటుండదు, కాబట్టి ఇంటి దగ్గర చార్జ్ పెట్టుకోవాల్సిందే. 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి 6 ఆంపియర్ల చార్జర్ సరిపోతుంది, గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా. బ్యాటరీని తెప్పలో అడుగున పెట్టకండి, మూతలున్న బ్యాటరీలోకి సముద్రపు నీళ్లు దిగి యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. ఎత్తు మీద, మూత ఉన్న పెట్టెలో, బెల్టు వేసి కదలకుండా కట్టండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ బ్యాటరీని తెప్పలోనే వదిలేస్తే ఆ ఎండలకి తనంతట తనే చార్జ్ దిగిపోయి, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ లేవదు. తీగలు విప్పి ఇంటికి తెచ్చి ఫుల్ చార్జ్ చేసి నీడలో పెట్టండి, మే నడిమిలో ఒకసారి, జూన్‌లో తెప్ప దించే ముందు రోజు రాత్రి ఇంకోసారి చార్జ్ పెట్టండి.