1,10,000 దాటిన డస్టర్‌కి టైమింగ్ బెల్టు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ డస్టర్ (రెనో కారు). మీటర్‌లో 1,10,000 కిలోమీటర్లు, టైమింగ్ బెల్టు (పిస్టన్లూ వాల్వులూ ఒకే లెక్కలో కదిలేలా చూసే పళ్ల రబ్బరు బెల్టు) మార్చినట్టు బిల్లేదు. మెకానిక్ పై కవర్ విప్పి చూపించాడు. పగుళ్లు లేవు, ఆయిల్ తడీ లేదు. "ఇంకో 20,000 లాగొచ్చు సార్" అన్నాడు. నాకు నచ్చలేదు. రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి దారాల సంగతి కంటికి తెలియదు. పళ్ల శబ్దమో, వాసనో ముందే వచ్చి చెప్తుందనుకోవడం కూడా భ్రమే. ఈ ఇంజన్‌లో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకు తగులుతాయి. అప్పుడు హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) విప్పాల్సిందే.

పైగా మన అమీర్‌పేట ట్రాఫిక్‌లో మీటర్ తిరగకపోయినా బెల్టు తిరుగుతూనే ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగిన బండికీ దీనికీ కిలోమీటర్ల లెక్క ఒకటి కాదు. బెల్టుకి వయసు కూడా లెక్కే. అందుకే మాన్యువల్‌లో ఏళ్లూ కిలోమీటర్లూ రెండూ చూసి, ఏది ముందొస్తే అప్పుడే మార్చాలి. చరిత్ర తెలియని బండికైతే వెంటనే.

రాణీగంజ్‌లో కిట్ తీసుకున్నాను: బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్. ఈ ఇంజన్‌లో వాటర్ పంపునూ అదే బెల్టు తిప్పుతుంది కాబట్టి కొత్త పంపు, కూలెంట్ కూడా. పంపు తర్వాత కారితే మళ్లీ మొత్తం విప్పుడే, కూలీ రెండుసార్లు. లాకింగ్ పిన్నులు (బెల్టు మార్చేటప్పుడు ఇంజన్‌ని సరైన స్థానంలో కదలకుండా పట్టి ఉంచేవి) లేకుండా పెయింట్ గుర్తులతో కానిచ్చేస్తానన్న షాపును వదిలేశాను. బిగించి పిన్నులు తీశాక క్రాంక్‌ని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) చేత్తో రెండు చుట్లు తిప్పించి, పిన్నులు మళ్లీ సరిగ్గా కూర్చుంటున్నాయని చూసి, వాటిని తీసేశాకే స్టార్ట్ చేయించాను. తేదీ, కిలోమీటర్లు రాసి బానెట్ కింద స్టిక్కర్ అంటించాను.