వడ్ల సీజన్‌కు ముందే సర్వర్ లాగులు సర్దుకోండి, ఆర్‌ఎం మాత్రం కొట్టకండి

మొన్న మిర్యాలగూడ దిక్కు ఓ రైస్ మిల్లులో కాంటా సర్వర్ రాత్రిపూట ఆగిపోయింది. డిస్క్ నిండింది. డ్యూటీలో ఉన్న పిల్లగాడు పెద్ద లాగ్ ఫైల్ (సర్వర్ తను చేసిన పనులు రాసుకునే చిట్టా) చూసి ఆర్‌ఎం, అంటే ఫైల్ చెరిపే ఆదేశం, కొట్టాడు. జాగా రాలేదు. పీజీ_ఎక్స్‌లాగ్ అనే ఫోల్డర్ కనబడితే అదీ లాగే అనుకుని తీసేశాడు. అది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన మార్పులు రాసుకునే ఫోల్డర్. డేటాబేస్ మళ్లీ లేవలేదు, బయట లారీలు లైన్ కట్టాయి. వానాకాలం వడ్లు దిగితే ఈ సర్వర్లకు ఊపిరి ఆడదు. పని ఇప్పుడే చేసుకోవాలి.

నడుస్తున్న సర్వీసు లాగ్ మీద ఆర్‌ఎం కొట్టొద్దు. లినక్స్‌లో ఆర్‌ఎం తీసేది పేరునే. సర్వీసు ఆ ఫైల్‌ను తెరిచి ఉంచినంతసేపు జాగా వదలదు, పైగా కొత్త రాతలన్నీ ఎవరికీ కనబడని ఆ ఫైల్‌లోకే పోతుంటాయి. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ నిండిందంటుంది, ఫైళ్ల సైజులు కలిపే డీయూ లెక్క తక్కువ చూపిస్తుంది. ఈ తేడా కనబడితే తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కు ప్లస్ ఎల్1 ఇచ్చి చూడండి, చెరిపినా పట్టుకుని ఉన్న ఫైళ్లు బయటపడతాయి. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే జాగా వస్తుంది. ఇంకా చెరపకపోతే, ఫైల్‌ను వేరే డిస్క్‌కు కాపీ చేసి ట్రంకేట్ మైనస్ ఎస్ 0 కొట్టండి, ఫైల్ ఉంటుంది, లోపలిది ఖాళీ అవుతుంది.

డేటాబేస్ ఫోల్డర్‌లో పేరులో లాగ్ ఉన్న దేనిమీదా చెయ్యి వెయ్యొద్దు. లాగులనుకుని జనం చెరిపేస్తున్నారనే పోస్ట్‌గ్రెస్ వాళ్లు 2017లో 10వ వెర్షన్‌లో ఆ పీజీ_ఎక్స్‌లాగ్ ఫోల్డర్ పేరును పీజీ_వాల్‌గా మార్చారు. పాత వెర్షన్లలో పాత పేరే ఉంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ తన మార్పులు రాసుకునే బిన్‌లాగులను పర్జ్ బైనరీ లాగ్స్ అనే ఆదేశంతోనే తీయాలి.

ఎన్ని రోజులు ఉంచాలి? కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగులను 180 రోజులు, మన దేశంలోనే ఉంచాలి. లాగులను పక్కకు తిప్పి, పాతబడ్డవి చెరిపే లాగ్‌రొటేట్‌లో చాలామంది తప్పేది ఇక్కడే. రొటేట్ 180 అంటే 180 ఫైళ్లు, 180 రోజులు కాదు. రోజుకోసారి తిరిగితే సరే. సీజన్‌లో గంటకోసారి పెడితే ఎనిమిది రోజులు కూడా రావు. రొటేట్ సంఖ్య పెద్దది పెట్టి, మ్యాక్స్‌ఏజ్ 180 (ఇది రోజుల లెక్క) ఇవ్వండి. ఫైల్ 200 ఎంబీ దాటితే తిప్పమని మ్యాక్స్‌సైజ్ 200ఎం రాసి నిశ్చింతగా ఉండొద్దు: లాగ్‌రొటేట్ మామూలుగా రోజుకోసారే లేస్తుంది, మధ్యలో ఫైల్ ఎంత పెరిగినా చూడదు. గంటకోసారి నడపాలంటే టైమర్ మార్చాలి, ఫైల్ పేరుకు తేదీ చేర్చే డేట్‌ఎక్స్‌ట్ వాడితే ఫైల్ పేరులో గంట కూడా రావాలి. లేకుంటే ఆ రోజు రెండో రొటేషన్ జరగదు.

ఇక మిగతావి:

పాత లాగులను కుదించే కంప్రెస్ పెట్టండి, వెనక ఆ పనిని ఒక రొటేషన్ ఆలస్యం చేసే డిలేకంప్రెస్ కూడా.
లాగ్‌ను కాపీ చేసి అసలుదాన్ని ఖాళీ చేసే కాపీట్రంకేట్ వాడితే ఆ క్షణంలో కొన్ని లైన్లు పోవచ్చు. సర్వీసు రీలోడ్ తీసుకుంటే రొటేషన్ తర్వాత ఆ రీలోడ్ చేయించే పోస్ట్‌రొటేటే మేలు.
కొత్త రూలు రాశాక లాగ్‌రొటేట్ మైనస్ డీ నడిపి చూడండి, ఏమీ మార్చకుండా ఏం చేస్తుందో చెబుతుంది.
సిస్టమ్ సొంత లాగులుండే జర్నల్‌కు సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్ పరిమితి రాయండి.
ప్రతి చిన్న విషయమూ లాగ్‌లో రాసే డీబగ్ లెవెల్ ఆన్ చేసినవాళ్లే, పని కాగానే మామూలు లెవెల్ ఇన్ఫోకు తేవాలి. సీజన్‌లో డిస్క్ మింగేది ఎక్కువగా ఇదే.
కాన్ఫిగ్ మార్చే ముందు కాపీ తీయండి. ఆ కాపీని సైట్స్-ఎనేబుల్డ్‌లో ఉంచకండి, ఉబుంటులో వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ అక్కడ ఉన్న ప్రతి ఫైల్‌నూ చదువుతుంది.
కాన్ఫిగ్‌ను పరీక్షించే ఎన్‌జిన్‌ఎక్స్ మైనస్ టీ ఓకే అనకుండా రీలోడ్ చేయొద్దు.
దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగ్ మార్చారా, రెండో విండోలో లాగిన్ అయ్యేదాకా మొదటిది మూయొద్దు.
లాగులకు వేరే పార్టిషన్ ఇవ్వండి. డిస్క్ 80 శాతం దాటితే ఫోన్‌కు మెసేజ్ రావాలి.
రాత్రి డ్యూటీ మనిషికి ట్రంకేట్ ఆదేశం కాగితం మీద రాసివ్వండి. ఆర్‌ఎం కొట్టొద్దని దానిమీదే పెద్ద అక్షరాలతో రాయండి.