అమెరికా విద్యార్థి వీసా: దరఖాస్తుకు ముందు సరిచూసుకోవలసిన కాగితాలు

అమెరికాలో చదువుకు ఎఫ్‌–1 వీసా కోరే విద్యార్థికి అసలు పని విశ్వవిద్యాలయం తన దగ్గర సీటు ఇచ్చినట్టు ధ్రువీకరిస్తూ పంపే ఐ–20 పత్రంతో మొదలవుతుంది. అది అందగానే ముందుగా చూడవలసింది పేరు. పాస్‌పోర్టులోని పేరుకూ ఐ–20లోని పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉన్నా, విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి రాసి, సరిచేసిన పత్రం తెప్పించుకోవాలి.

పేరు విషయంలో తెలుగువారికి చిక్కు ఎక్కువ. చాలామందికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగానే మిగిలిపోతుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోకి చేరుతుంది. అటువంటివారి పేరు మొత్తాన్నీ అమెరికా పత్రాలు ఇంటిపేరుగా తీసుకుని, అసలు పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే మొదటి పేరు తెలియదని, రాస్తాయి. అక్కడికి వెళ్లాక ఆ మూడక్షరాలే డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంట వచ్చి ఇబ్బంది పెడతాయి కనుక, విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు పెట్టకముందే పాస్‌పోర్టును సరిచేయించుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఐ–20 మీద ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే సెవిస్ సంఖ్య ఉంటుంది; సెవిస్ అంటే విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ. ఆ సంఖ్యతోనే సెవిస్ రుసుము చెల్లించి, రసీదు అచ్చు తీసుకోవాలి. 2019 నుంచి అది 350 డాలర్లు. వీసా దరఖాస్తు రుసుము దీనికి వేరు. 2023లో అది 185 డాలర్లకు పెరిగింది. రుసుములు మారుతుంటాయి కనుక చెల్లించే రోజున అధికారిక వెబ్‌సైటులో చూసుకోవాలి.

డీఎస్‌–160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారాన్ని ఏజెంటు చేతికి వదిలేయకుండా విద్యార్థే నింపడం మంచిది, ఎందుకంటే అందులోని ప్రతి జవాబుకూ బాధ్యత అతనిదే. కాసేపు కదిలించకుండా వదిలేస్తే ఫారం మూసుకుపోతుంది కాబట్టి, మొదట్లోనే కనిపించే దరఖాస్తు సంఖ్యను రాసిపెట్టుకోవాలి. గత ఐదేళ్లలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాలన్నీ అందులో చెప్పాలి. ఫొటో 2 అంగుళాల చదరంగా, తెల్లని నేపథ్యంతో, కళ్లజోడు లేకుండా, ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి.

డబ్బు కాగితాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మొదటి ఏడాది ఫీజు, బస ఖర్చు కలిపి ఎంత అవుతుందో ఐ–20లోనే ఉంటుంది; విద్యారుణం మంజూరు పత్రం, పొదుపు ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు కలిపి ఆ మొత్తానికి సరిపోవాలి. ఖర్చు భరించేది తల్లిదండ్రులైతే వారి ఆదాయపు పన్ను రిటర్నులు కూడా జతచేయాలి. పొలాలు, ఇళ్ల విలువ చూపే పత్రాలకన్నా వెంటనే చేతికందే సొమ్ముకే విలువ ఎక్కువ. నాలుగు రోజుల కోసం అరువు తెచ్చి ఖాతాలో వేసిన మొత్తాన్ని సొంత సొమ్ముగా చూపడం, దొంగ పత్రాలు పెట్టడం ఎంతమాత్రం చేయకూడదు. మోసం బయటపడితే ఆ ఒక్క వీసాతో పోదు, అమెరికాలో ప్రవేశానికే శాశ్వతంగా అనర్హత రావచ్చు.

హైదరాబాద్‌లో ముందుగా వీసా దరఖాస్తు కేంద్రంలో వేలిముద్రలు ఇచ్చి, ఆ తర్వాత నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు హాజరుకావాలి. వీసా ముద్రించిన పాస్‌పోర్టు తిరిగి రాగానే పేరు, సెవిస్ సంఖ్య ఐ–20తో కలుస్తున్నాయో లేదో చూడాలి. చదువు మొదలయ్యే తేదీకి 30 రోజుల కన్నా ముందు ప్రవేశం ఉండదు కనుక టికెట్టు ఆ లెక్కన తీసుకోవాలి. విమానాశ్రయంలో అధికారి అడిగేది సంతకం చేసిన అసలు ఐ–20నే కాబట్టి, దానిని పెద్ద పెట్టెలో కాక చేతి సంచిలో పెట్టుకోవాలి.