డీజిల్ కారు దారిలో ఊరికే ఆగిపోతా ఉంటే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎట్లా?

పోయిన వానాకాలం మా బంధువు ఒకాయన కారు తిరుపతి నుంచి చిత్తూరు పోతా చంద్రగిరి దాటినాక ఆగిపోయింది. పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయింది, మళ్లీ పూతలపట్టు కాడ ఆగింది. ఒక షెడ్డులో చూపిస్తే ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) పోయినాయని నాలుగూ మార్చేసినారు, బిల్లు 40 వేలు దాటింది, తిరిగొస్తా ఉంటే అదే పూతలపట్టు కాడ మళ్లీ ఆగింది. చివరికి చూస్తే డీజిల్ ఫిల్టర్‌కి వచ్చే రబ్బరు పైపులో క్లిప్పు కింద వెంట్రుకంత పగులు. మార్చడానికి వంద రూపాయలు కూడా కాలేదు. ఇట్లాంటివి ఇన్నేళ్లలో ఎన్ని చూసినానో లెక్కలేదు, అందుకే నేను చేసే వరస మొత్తం రాస్తా ఉండా.

సామాన్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. మామూలు స్పానర్లు, స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, మూతున్న గాజు సీసా, అడుగు పొడవు లోపల కనపడే పైపు, రెండు హోస్ క్లిప్పులు, దారాలు ఊడని శుభ్రమైన గుడ్డ. టెస్ట్ మాత్రం చదునుగా ఉన్న ఖాళీ రోడ్డులోనే చేయండి, ఘాట్‌లో వద్దు. ఇంజన్ ఆగిపోతే పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతాది, బ్రేకు రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకుకి బలమిచ్చే బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయి మాదిరి అయిపోతాది. తిరుమల కొండ ఎక్కేటప్పుడు వెనకాల బస్సు ఉంటే ఏమవుతాదో మీరే ఆలోచించండి.

మొట్టమొదట బానెట్ ఎత్తొద్దు. బండి ఎట్లా ఆగుతా ఉందో గుర్తు తెచ్చుకోండి, సగం పని ఈడనే అయిపోతాది. లైటు స్విచ్ ఆపినట్టు టక్కున ఆగిపోతే అది ఎక్కువగా కరెంటు పని, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) గానీ సెన్సార్ గానీ ఎర్త్ గానీ. ఎగిరెగిరి పడతా, పికప్ తగ్గి, దగ్గుతా ఆగితే డీజిల్ సరిగ్గా అందడం లేదు. అలిపిరి దాటి కొండ ఎక్కేటప్పుడు లోడు మీద ఆగి, చదునులో బాగుంటే ముందు ఫిల్టర్ మీద అనుమానం పెట్టుకోండి, లోడు పడినప్పుడు డీజిల్ ఎక్కువ కావాలి, మూసుకుపోయిన ఫిల్టర్ అంత ఇవ్వలేదు. బాగా వేడెక్కినాక ఆగి, అరగంట చల్లారినాక ఏమీ కానట్టు స్టార్ట్ అయితే క్రాంక్ సెన్సార్‌ని (ఇంజన్ తిరుగుతా ఉందని బండి కంప్యూటర్‌కి చెప్పేది) చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటర్‌లో ఇంజన్ వేగం చూపించే ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేస్తాది చాలా బండ్లలో, అది కదలకుండా సున్నా మీదే ఉంటే అనుమానం ఇంకా గట్టిపడతాది.

బ్యాటరీ చూడ్డం రెండు నిమిషాల పని. ఇంజన్ ఆపినప్పుడు 12.5 వోల్టుల దరిదాపు, నడిచేటప్పుడు 14 దరిదాపు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.5 కంటే కిందికి పోకూడదు. ఎర్త్ కేబుల్ బాడీకి బిగించిన చోట విప్పి ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ బిగించండి. ఇంజన్ రిలేని అదే నంబరున్న ఇంకో రిలేతో మార్చి చూడండి.

తర్వాత ఫిల్టర్ కింద డ్రైన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి సగం దాకా పట్టండి. పది నిమిషాలు కదపకుండా గట్టు మీద పెట్టండి. నీళ్లుంటే అడుగున వేరేగా ఒక పొరై నిలబడతాయి, సీసా వంచితే ఆ గీత డీజిల్ కింద జారతా కనపడతాది. నల్లటి పొడి గానీ జిగురు గానీ కనపడితే ఫిల్టర్ మార్చండి. నీళ్లు ఎక్కువుంటే ట్యాంకు కూడా కడిగించాల్సిందే. కంపెనీ బుక్కులో ఎంతైనా రాసుకోనీ, డీజిల్ ఫిల్టర్ 10,000 కిలోమీటర్లకి మార్చాల్సిందే, డీజిల్ కూడా రోజూ లారీలు నిలబడే బంకులోనే పట్టాల్సిందే. బండ్లు రాని బంకులో స్టాకు నెలల తరబడి ట్యాంకులోనే ఉంటాది, నేనైతే ఆ పక్క తలకూడా తిప్పను.

బండి ఆగిన వెంటనే డీజిల్ ట్యాంకు మూత తీసి చూడండి. బుస్సుమని గట్టిగా గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి స్టార్ట్ అయితే ట్యాంకు గాలి దారి మూసుకుపోయినట్టు. దాన్ని శుభ్రం చేయిస్తే సరిపోతాది.

ఇప్పుడు అసలు పని, లైనులో ఎయిర్, అంటే డీజిల్ పైపుల్లోకి దూరే గాలిని పట్టుకోవడం. అందరూ తొందరపడి చెడగొట్టేది ఈడనే, కాబట్టి నిదానంగా చదవండి.

ముందు మీ బండి ఏ రకమో తెలుసుకోవాలి. పాత ఇండికా, సుమో మాదిరి బండ్లలో చాలావాటికి ఇంజన్ మీదుండే పంపు తానే ట్యాంకు నుంచి డీజిల్ పీల్చుకుంటాది, ఫిల్టర్ మీద గానీ లైనులో గానీ చేత్తో కొట్టే పంపు ఉంటాది. ఈ రకంలో పైపుకి పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతాది. కింద తడి లేదు కాబట్టి లీకు లేదు అనుకుని మెకానిక్కులు కూడా వదిలేసేది అందుకే. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపున్న బండి అయితే కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు మూడు సెకన్లు గుయ్యిమని సౌండ్ వస్తాది. దాంట్లో లైను ప్రెషర్ మీద ఉంటాది, పైపు పీకితే డీజిల్ ముఖాన కొడతాది, కాబట్టి ఈ టెస్ట్ ఆ బండ్లకి మీరు చేయొద్దు. సౌండ్ రాకపోతే ఫ్యూజు, రిలే చూసి పంపు చెక్ చేయించండి.

పీల్చుకునే రకమైతే ఇంజన్ ఆపి చల్లారనివ్వండి. ఫిల్టర్ నుంచి పంపుకి పోయే పైపు చుట్టూ ముందే తుడవండి. ఫిల్టర్ దాటినాక పడే ఇసుక రేణువు నేరుగా పంపులోకే పోతాది, ఆపేదానికి ఇంకేమీ లేదు, అందుకే ఈ గుడ్డ తుడుపుని చిన్న పని అనుకోవద్దు. తర్వాత ఆ పైపు పీకి, మధ్యలో కనపడే పైపు పెట్టి రెండు పక్కలా క్లిప్పులు బిగించండి. టేపు చుట్టొద్దు, డీజిల్ తగిలితే దాని జిగురు కరిగిపోతాది, మీరే కొత్త లీకు పెట్టినట్టు అవుతాది. పైపు సైలెన్సర్‌కి, బెల్టుకి, ఫ్యాన్‌కి తగలకుండా కట్టండి. రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్ ఆపినాక కూడా తిరగొచ్చు, చెయ్యి జాగ్రత్త.

చేతిపంపు గట్టిపడేదాకా కొట్టి ఎయిర్ తీసి, స్టార్ట్ చేయండి. సెల్ఫ్ ఒక్కోసారి పది సెకన్లకి మించి కొట్టొద్దు, మధ్యలో నిమిషం ఆగండి. మొదట్లో పెద్ద పెద్ద బుడగలు పోతాయి, అది మీరు పైపు విప్పినప్పుడు దూరిన గాలి, దాన్ని చూసి కంగారుపడొద్దు. ఐదు నిమిషాలు నడవనిచ్చి మళ్లీ చూడండి. పైపు టీ డికాక్షన్ మాదిరి నిండుగా, ఏమీ కదలకుండా కనపడితే ఎయిర్ లేదు. ఆవగింజలంత బుడగలు వరసగా, ఆగకుండా పోతా ఉంటే లీకుంది. ఎక్సలేటర్ తొక్కితే బుడగలు ఎక్కువైతే ఇంక అనుమానమే అక్కర్లేదు.

లీకు ఏ జాయింట్ కాడనో తెలియాలంటే ట్యాంకు పక్క నుంచి ఒక్కో జాయింట్ చుట్టూ చిక్కటి గ్రీజు పూయండి, ఒకటి పూసి రెండు నిమిషాలాగి బుడగలు చూసి తర్వాతది పూయండి. ఏది పూసినాక బుడగలు ఆగినాయో అదే. అన్నిటికీ ఒక్కసారే పూస్తే ఏదో తెలియదు, మళ్లీ మొదటి నుంచి చేయాల. ఎక్కువగా దొరికేది ఫిల్టర్ ఓ రింగ్, చేతిపంపు, పాత రబ్బరు పైపు చివర. పైపు మార్చకుండా క్లిప్పు ఇంకా బిగిస్తే పగులు ఇంకా పెద్దదవుతాది. టెస్ట్ అయినాక కనపడే పైపు తీసేసి మంచి డీజిల్ పైపే వేయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా ఉండా. పంపు నుంచి ఇంజెక్టర్లకి పోయే ఇనుప పైపుల నట్లు ఇంజన్ నడిచేటప్పుడు వదులు చేయొద్దు. పాత మెకానిక్కులు అట్లా చేసేవాళ్లు, కానీ కామన్ రైల్ బండ్లలో (రైల్ అనే ఒకే పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ పోయే రకం) ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతాది, సన్నటి డీజిల్ ధార చర్మంలోకి సూది మాదిరి దూరుతాది. గాయం చుక్కంత కనపడినా వెంటనే ఆస్పత్రికి పోవాల్సిందే, లోపల చెయ్యంతా పాడవుతాది.

బండి కంప్యూటర్‌లో తప్పుల కోడ్లు చదివే స్కానర్ నేను చివరనే పెడతా. ముందే పెడితే రైల్ ప్రెషర్ తక్కువ అని పీ0087 కోడ్ వస్తాది, దాన్ని చూసి పంపు పోయింది, ఇంజెక్టర్లు పోయినాయి అనేస్తారు. ఆ కోడ్ ప్రెషర్ తక్కువ అని చెప్తాది గానీ ఎందుకు తక్కువో చెప్పదు, ఫిల్టర్ మూసుకున్నా లైనులో ఎయిరున్నా అదే కోడ్ రావొచ్చు. మా బంధువు కాడ 40 వేలు పోయింది ఈ కోడ్ వల్లే. టక్కున ఆగే బండిలో పీ0335 వస్తే మాత్రం క్రాంక్ సెన్సార్, దాని వైరు, సాకెట్ చూడండి. వైరు పైన బాగుండి లోపల తెగి ఉంటాది, ఇంజన్ నడిచేటప్పుడు ఎవరితోనైనా మీటర్‌లో ఆర్‌పీఎం ముల్లు చూడమని చెప్పి, బెల్టుకి దూరంగా ఉన్న చోట వైరు మెల్లగా కదపండి.

ఇవన్నీ అయినా కామన్ రైల్ బండి ఇంకా ఆగుతా ఉంటే అప్పుడు పంపు షాపుకి పోండి. పోయినా నాలుగు ఇంజెక్టర్లూ ఒకేసారి విప్పనియ్యొద్దు. ముందు ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపుకి (మిగిలిన డీజిల్ వెనక్కి పోయేది) ఒక్కో సీసా పెట్టి ఇంజన్ నడపమనండి. నాలుగూ దాదాపు సమానంగా నిండాల. ఏదన్నా ఒకటి మిగతావాటి కంటే మరీ ఎక్కువ నిండితే ప్రెషర్ దాని కాడనే పోతా ఉండాది, ఆ నాలుగు సీసాలని ఒక వరసలో పెట్టి ఫోటో తీసుకుని, ఆ ఒక్కదాన్నే విప్పమని చెప్పండి.