కొళాయి నీళ్ళలో సీసం తగ్గించుకోవడం ఎలా?

విశాఖలో తాగునీళ్ళ మాట ఎత్తితే ముందు టీడీఎస్సే (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) వస్తుంది. ప్యూరిఫయర్ అమ్మడానికి వచ్చినతను గ్లాసులో మీటర్ ముంచి అంకె చూపిస్తాడు, మనం టెన్షన్ పడతాం. కానీ ఆ మీటర్‌కి సీసం దొరకదు. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. మామూలు టీడీఎస్ మీటర్ చూపించే అతి చిన్న అంకె 1, అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము. ఆ పరిమితికి వంద రెట్లు. సీసం ఉన్నట్టు నోటికీ తెలియదు, ముక్కుకీ తెలియదు.

మీ వీధికి రైవాడ రిజర్వాయర్ నీళ్ళొచ్చినా, తాటిపూడి రిజర్వాయర్ నీళ్ళొచ్చినా సీసం ఎక్కువగా కలిసేది దారి చివర, మన ఇంటి పైపుల్లోనే. కాబట్టి పని ఇంట్లోనే మొదలుపెట్టాలి.

ముందు ఇంట్లో ఏం బిగించి ఉందో చూడండి. పూర్తిగా సీసంతో చేసిన పైపు మన దగ్గర అరుదు. పాతనగరంలోని బాగా పాత ఇంట్లో అనుమానం వస్తే రూపాయి బిళ్ళతో గీకండి. మెత్తగా గీత పడి లోపల వెండిలా మెరిసి, అయస్కాంతం అంటుకోకపోతే అది సీసం కావచ్చు. జీఐ పైపుకైతే (జింకు పూత పూసిన ఇనుప పైపు) అయస్కాంతం అంటుకుంటుంది. అసలు అనుమానించాల్సినవి ఇత్తడి కొళాయిలు, వాల్వులు, పాత పీవీసీ పైపులు. ఇత్తడిని సులువుగా చెక్కడానికి కొంచెం సీసం కలుపుతారు. పీవీసీ వేడికి పాడవకుండా అందులో కలిపే సీసం స్టెబిలైజర్ వాడకంపై కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. అంతకు ముందు వేసిన పైపులో అది ఉండే అవకాశం ఉంది.

తర్వాతది రోజూ చేయాల్సిన పని. పైసా ఖర్చు లేదు. రాత్రంతా పైపులో కదలకుండా నిలిచిన నీళ్ళలోకే సీసం ఎక్కువ దిగుతుంది. అందుకని పొద్దున్నే వంటింటి కొళాయి తిప్పగానే కాఫీకి పట్టకండి. అరంగుళం పైపులో మీటరుకు దాదాపు 180 మిల్లీలీటర్ల నీళ్ళు పడతాయి. పది మీటర్ల లైన్ అనుకున్నా రెండు లీటర్ల లోపే. అయితే ట్యాంకు నుంచి కిందికి దిగే లావు పైపు కూడా ఉంటుంది కాబట్టి ఒక బకెట్ నిండే దాకా వదిలేయడం మేలు. పారబోయక్కర్లేదు, ఆ బకెట్‌తో ఇల్లు తుడుచుకోవచ్చు. ఊరెళ్ళి వచ్చిన రోజు ఇంకో బకెట్ ఎక్కువ వదలండి.

త్వరగా ఉడుకుతుందని గీజర్ నీళ్ళు అన్నానికి పెట్టే అలవాటు ఉంటే మానేయండి. వేడి నీళ్ళు సీసాన్ని ఎక్కువ కరిగిస్తాయి. చన్నీళ్ళు పట్టి పొయ్యి మీద కాచుకోండి. కాస్తే సీసం పోతుందనుకోవద్దు. మరిగితే క్రిములు చస్తాయి గానీ సీసం ఎక్కడికీ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన వాటిలో దాని పాలు పెరుగుతుంది కూడా.

కొళాయి మూతి దగ్గరి జాలీలో సీసం రేణువులు చిక్కుకోవచ్చు, దాన్ని నెలకోసారి విప్పి కడగండి.

ఇంట్లో పసిపిల్లలో, గర్భిణులో ఉంటే పరీక్ష చేయించడం మంచిది. ముఖ్యంగా డబ్బా పాలు కలిపే ఇంట్లో. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో 'సీసం' అని విడిగా అడగాలి, మామూలు నీటి పరీక్షలో అది ఉండకపోవచ్చు. రెండు సీసాల్లో నీళ్ళు పట్టండి. ఒకటి కనీసం ఆరు గంటలు కొళాయి ముట్టుకోకుండా ఉంచి పట్టిన మొదటి లీటరు, రెండోది బకెట్ వదిలాక పట్టినది. మొదటిదే ఎక్కువ చూపిస్తే తప్పు కొళాయిదో దగ్గరి పైపుదో. రెండూ ఎక్కువే అయితే లోపలి లైన్ మొత్తం చూడాలి.

ఫిల్టర్ కొంటే యూవీ (అతినీలలోహిత కాంతి) ఒక్కటే ఉన్నది ఇందుకు పనికిరాదు, అది క్రిములకు మాత్రమే. ఆర్ఓ మెంబ్రేన్, అంటే నీళ్ళను ఒత్తిడితో పంపి వడకట్టే సన్నటి పొర, సీసాన్ని చాలావరకు ఆపుతుంది. ఇక్కడే ఒక తిరకాసు. చాలా మెషిన్లలో రుచి కోసం ఆర్ఓ కాని నీళ్ళను కొంత మళ్ళీ కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. దాని ద్వారా సీసం కూడా దొడ్డిదారిన వచ్చేస్తుంది. సర్వీస్ అతన్ని అడిగి దాన్ని పూర్తిగా మూయించండి.

పైపులు మార్పిస్తే కొత్తవాటి మీద సీసం లేదన్న ముద్ర చూసి కొనండి. పని అయ్యాక జాలీలు విప్పి, నీళ్ళు బాగా వదిలి, కొన్ని వారాలకు మళ్ళీ ఆ రెండు సీసాలూ ల్యాబ్‌కి పంపండి.